నలభై ఒకటో అర

ఆర్డిత్ కెస్లర్‌కు డెబ్బై నాలుగేళ్లు. అందులో ముప్పై తొమ్మిదేళ్లుగా ఆమె టిల్మోర్ కౌంటీ సంత మైదానానికి గేటు మనిషి. ఆగస్టులో సంత జరిగే ఆరు రోజులు, జూన్‌లో గుర్రాల పందెం, అక్టోబరులో పశువుల వేలం, మధ్యలో ఎవరైనా పెళ్లి విందుకు పెద్ద షెడ్డు తీసుకుంటే ఆ పూట, గేటు పక్కనున్న చెక్కగదిలో కూర్చుంటుంది. మిగతా ఏడాదంతా కోళ్లు పెంచుకుంటూ, ఉన్న కాస్త గోధుమ పొలం చూసుకుంటుంది. అయినా ఊళ్లో ఆమెను కోళ్ల ఆర్డిత్ అనరు, గోధుమల ఆర్డిత్ అనరు. గేటు ఆర్డిత్ అంటారు. ఆ మాట వింటే ఆమెకు లోపల ఎంత గర్వమో, పైకి అంత చిరాకు.

ఆ చెక్కగది గోడలో ఇత్తడి తలుపుల అరలు తొంభై ఆరు ఉన్నాయి. ఊళ్లో పాత పోస్టాఫీసు మూసేసినప్పుడు ఉత్తరాల పెట్టెలన్నీ తుక్కులో వేయబోతుంటే, ఆమె భర్త లైల్ పికప్ బండిలో వేసుకొచ్చి ఈ గోడకు బిగించాడు. లైల్ వడ్రంగి. ఎవరైనా ఏదైనా పారేస్తుంటే చూస్తూ ఊరుకోవడం అతని వల్ల అయ్యేది కాదు. పోస్టాఫీసులో ఏ కుటుంబానికి ఏ నంబరుండేదో, సంతలోనూ ఆ కుటుంబానికి అదే నంబరు. గేటు మీద సంత కమిటీ పెట్టిన బోర్డు ఒకటుండేది, “తుపాకులు లోపలికి తేరాదు” అని. దాని కిందే లైల్ కుంచెతో తన సొంత మాట కలిపాడు, “ఆర్డిత్‌కి ఇచ్చి వెళ్లండి” అని.

ఇచ్చే వెళ్లేవాళ్లు. ఆ కౌంటీలో రైతు నడుముకు పిస్తోలు ఉండటమూ, నెత్తిన టోపీ ఉండటమూ ఒకటే. పొలంలో విషపు గిలకపాములు తిరుగుతాయి, కోళ్ల దొడ్లో నక్కలు పడతాయి, షెరీఫ్‌కు ఫోన్ చేస్తే జీపు రావడానికి ముప్పావు గంట. పొద్దున పెట్టుకున్నది పడుకునే ముందే తీస్తారు. మధ్యలో అది ఉన్న సంగతే గుర్తుండదు. గేటు దగ్గరకొచ్చి “డెబ్బై మూడు” అంటే ఆర్డిత్ ఆ అర తెరుస్తుంది, వాళ్లు అందులో పెడతారు, ఆమె తాళం వేసి తాళంచెవి తన వెనకున్న మేకుకు తగిలిస్తుంది. ఆ కాసేపట్లోనే వానల సంగతి, కోడలి కాన్పు సంగతి, పక్కవాడు కొన్న ట్రాక్టరు సంగతి తెమిలిపోతాయి. వెళ్లేటప్పుడు మళ్లీ “డెబ్బై మూడు” అంటారు. ఇన్నేళ్లలో ఒకరిది ఒకరికి మారింది లేదు.

ఆర్డిత్‌కు తుపాకులంటే భయమూ లేదు, రోతా లేదు. ముప్పై అడుగుల దూరం నుంచి పాము తల ఎగరగొట్టగలదు. దేని చోటు దానిది, అంతే ఆమె లెక్క. చర్చిలోకి పేడ బూట్లతో వెళ్తామా అని అడుగుతుంది.

ఈ ఏడు ఎండాకాలం రాకముందే ఆ లెక్కకు అడ్డం తగిలినవాడు మెర్ల్ టాడ్‌లాక్. నలభై ఒకటో అర అతనిది. డెబ్బై రెండేళ్లవాడు, ఆర్డిత్‌తో ఒకే బడి బస్సులో పెరిగినవాడు, లైల్ చనిపోయిన ఏడు అడగకుండానే యంత్రం తోలుకొచ్చి ఆమె గోధుమ కోసిపెట్టినవాడు. సంత మైదానం కౌంటీ సొత్తు కాబట్టి అక్కడ తుపాకీ వద్దనే హక్కు ఎవరికీ లేదని అతను కౌంటీకి ఉత్తరం రాశాడు. పోస్టులో వేసే ముందు కోళ్ల దొడ్డి దగ్గరకొచ్చి ఆమెకే చదివి వినిపించాడు. చాటుగా దెబ్బ కొట్టడం అతనికి చేతకాదు.

“ఆ నేల ఎవరిది ఆర్డిత్? కౌంటీది. కౌంటీ అంటే ఎవరు? నువ్వూ నేనూ. మన నేల మీదికి మనం పోడానికి కౌలుకున్న కమిటీ పెత్తనమేంటి?”

“అద్దెకున్నోడైనా తన గుమ్మంలో బూట్లు విప్పమంటాడు మెర్ల్. అప్పుడు ఇంటాయన వచ్చి కాదంటాడా?”

“అది ఒకడి ఇల్లు. ఇది అందరిదీ.” అసలు సంగతి మెర్ల్ అప్పుడు చెప్పాడు. చలికాలంలో ఎక్కడో దూరపు రాష్ట్రంలో జనం మధ్య ఎవడో కాల్పులు జరిపితే, రోజంతా టీవీ ముందు కూర్చుని చూశాడట. చనిపోయిన అన్న గ్లెన్ మునిమనవలు ముగ్గురు సంతలో దూడలు పట్టుకుని తిరుగుతుంటారు. “అట్లాంటోడు వస్తే, వచ్చి నీకు నంబరు చెప్పి అరలో పెట్టి పోతాడా? పెట్టేది నాలాంటోళ్లం. అప్పుడు నా చేతులు ఖాళీ. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?”

ఆర్డిత్ చేతిలో ఉన్న గింజలన్నీ ఒకేసారి చల్లేసింది. మెర్ల్ మూర్ఖుడైతే పోట్లాడటం తేలికయ్యేది. అతని మాటలో న్యాయం ఉంది, అందుకే ఆమెకు వారం రోజులు తిండి సయించలేదు.

కౌంటీ తరఫు లాయరు పెయిజ్ రెనర్, ముప్పై దాటని అమ్మాయి. ఏప్రిల్‌లో ఒకరోజు చెక్కగదికి వచ్చి, అరలన్నీ తెరిచీ మూసీ చూసి, సంగతి విడమర్చి చెప్పింది. అందరి సొత్తయిన నేల మీద తుపాకీ వద్దనకుండా చట్టం కౌంటీ చేతులు కట్టేసిందని ఒక వాదన. నేల కౌంటీదే అయినా కౌలుకు తీసుకుని నడిపేది సంత కమిటీ, దుకాణం నడిపేవాడిలాగే గేటు దగ్గర షరతు పెట్టుకోవచ్చని ఇంకో వాదన. ఇలాంటి తగాదాలో ఏది గెలుస్తుందో తను ముందే చెప్పలేనంది. బోర్డు ఉంచితే మెర్ల్ కోర్టుకెళ్తాడు. ఉంచాలా తీయాలా అని జూలైలో కమిటీ ఓటు వేస్తుంది. ఏడుగురిలో ముగ్గురు ఉంచాలంటున్నారు, ముగ్గురు తీసేయాలంటున్నారు. ఏడో మనిషి అధ్యక్షుడు హోమర్ విట్సెల్, గోడ మీద పిల్లి.

“కెస్లర్ గారూ, ఇది ఒట్టి అలవాటు కాదు, దీనివల్ల ఫలానా రోజు ఫలానా ప్రాణం నిలబడింది అని ఒక్క ఉదాహరణ చెప్పండి. హోమర్ గారు మనవైపు వస్తారు. రేపు కోర్టులో నాకూ మాట్లాడటానికి కాస్త ఆధారం ఉంటుంది. ఒక్కటి చాలు.”

ఆర్డిత్ వెనక్కి తిరిగి మేకుల వైపు చూసింది. ఆలోచించి చెప్తానమ్మాయ్ అంది. ఆలోచించడానికేముంది? ఉదాహరణ ఉంది. ఒక్కటే ఉంది. ఆ ఒక్కటీ నలభై ఒకటో మేకుకు వేలాడుతోంది.

ముప్పై ఆరేళ్ల కిందటి సంత అది. మెర్ల్‌కూ గ్లెన్‌కూ తండ్రి వదిలిపోయిన పచ్చిక బీడు గురించి ఏడాదిగా మాటల్లేవు. మధ్యాహ్నం కోడెల పోటీ జరుగుతుండగా, ఊరందరూ వినేటట్టు గ్లెన్ అన్నాడు, కుక్కను సాకడం చేతకానివాడికి నాన్న బీడెట్లా ఇస్తాడని. జనం నవ్వారు. అన్న మాట కన్నా ఆ నవ్వు లోతుగా దిగింది. కాసేపటికి మెర్ల్ చెక్కగది ముందు నిలబడి “నలభై ఒకటి” అన్నాడు. వానల సంగతి లేదు, కాన్పుల సంగతి లేదు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఇంటికి పోయేవాడైతే బండ్లు నిలిపిన వైపు చూడాలి. అతను వెనక్కి, కోడెల షెడ్డు వైపే చూస్తున్నాడు.

ఆర్డిత్ మేకు నుంచి తాళంచెవి తీసి గుప్పిట పట్టింది. కింద ఏదో పడినట్టు వంగి, దాన్ని ఎడమ బూటులోకి జారవిడిచింది. లేచి, నీ తాళంచెవి కనబడట్లేదు మెర్ల్ అంది.

ఆ తర్వాత నలభై నిమిషాలు ఆమె ఆ గదంతా వెతికింది. బల్ల కింద వెతికింది, చిల్లర డబ్బాలో వెతికింది, కాఫీ గింజలు బల్ల మీద కుమ్మరించి వేళ్లతో కెలికింది. అడుగు వేసినప్పుడల్లా తాళంచెవి పళ్లు మడమలో గుచ్చుకుంటుంటే కుంటుతూనే వెతికింది. అతన్ని బోర్లించిన బకెట్ మీద కూర్చోబెట్టి నిమ్మరసం ఇచ్చింది. మొదట అతను తిట్టాడు. తర్వాత తనూ లేచి వెతికాడు. తర్వాత మళ్లీ బకెట్ మీద కూర్చుని నిమ్మరసం అడుగుదాకా తాగాడు. చివరికి గ్లాసు కింద పెట్టి, “ఉండనీలే, రేపు తీసుకుంటా” అని, బండి కూడా తీయకుండా నాలుగు మైళ్లు నడిచి ఇంటికెళ్లిపోయాడు.

మర్నాడు దొరికిందని చెప్పి ఇచ్చేసింది. ఎక్కడ దొరికిందని అతను అడగలేదు. ఆ చలికాలం అన్నదమ్ములిద్దరూ బీడులో పడిపోయిన గాలిమర నిలబెడుతూ మళ్లీ మాటల్లో పడ్డారు. గ్లెన్ ఆ తర్వాత ముప్పై మూడేళ్లు బతికాడు. మంచాన పడిన ఆఖరి నెలల్లో రోజూ వెళ్లి చెంచాతో సూప్ తాగించింది మెర్లే.

ఈ సంగతి ఆర్డిత్ ఒక్క లైల్‌కే చెప్పింది. చీము పట్టిన ఆమె మడమకు మందు రాస్తూ, ఈ మాట మన గడప దాటకూడదన్నాడు అతను. ఆరు వేలమంది ఉన్న కౌంటీ అది. అన్న మీదికి తుపాకీ కోసం వెళ్లినవాడన్న పేరు ఒకసారి పడిందంటే సమాధి రాయి దాకా వెంట వస్తుంది. ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానని ఆ ఊళ్లో ఆర్డిత్ దాన్ని ముప్పై ఆరేళ్లు కడుపులో దాచుకుంది. ఇప్పుడది బయటపెడితే బోర్డు నిలుస్తుంది, మెర్ల్ కూలుతాడు. దాస్తే మెర్ల్ నిలుస్తాడు, ఆమె బతుకంతా కాపలా కాసిన గేటు ఒట్టి కంతగా మిగులుతుంది.

జూన్‌లో గుర్రాల పందెం రోజు ఇది చాలదన్నట్టు ఇంకోటి జరిగింది. పొద్దున్నే దొడ్లో పాము కనిపిస్తే లైల్ వాడిన రివాల్వర్‌తో కొట్టింది. గుడ్లు ఏరుకునే తొందరలో దాన్ని చేతిసంచిలో పడేసింది. ఎప్పుడూ చేసినట్టు బండిలో పెట్టి రావడం మర్చిపోయింది. గేటు దగ్గర కూర్చుని యాభైమంది దగ్గర పిస్తోళ్లు తీసుకుని అరల్లో పెట్టింది. గేటు దాటి పది అడుగులు వెళ్లి, అయ్యో నడుముకుందే అని వెనక్కొచ్చిన పశువుల డాక్టరును, రేపు ప్యాంటు వేసుకోవడం కూడా మర్చిపోతావా అని నలుగురిలో దెప్పింది. మధ్యాహ్నం పీచ్ పండ్లు కూరి కాల్చిన పైలు రుచి చూసి మార్కులు వేయమంటే, సంచి భుజాన వేసుకుని లోపలికెళ్లింది. కళ్లజోడు కోసం సంచిలో చెయ్యి పెడితే చల్లగా తగిలింది.

బల్ల కింద ఇద్దరు పసివాళ్లు పాకుతున్నారు. ఒకడు ఆమె సంచి పట్టీ పట్టుకుని లాగుతున్నాడు. ఆర్డిత్ సంచిని గుండెకు అదుముకుని లేచి, గేటు దాకా నడిచి, తమ పదిహేడో అరలో దాన్ని పెట్టి తాళం వేసింది. ఎవరూ చూడలేదు. పశువుల డాక్టరు సాయంత్రం నంబరు చెప్పడానికి వచ్చినప్పుడు మాత్రం ఆమె అతని మొహం చూడలేకపోయింది.

జూలై సమావేశానికి సంత మైదానంలోని కుట్టుపనుల హాలు కిటకిటలాడింది. మెర్ల్ లేచి, కోళ్ల దొడ్డి దగ్గర చెప్పిందే నాలుగు ముక్కల్లో చెప్పి కూర్చున్నాడు. చప్పట్లు బాగానే పడ్డాయి. తర్వాత ఆర్డిత్ వంతు. ఆమె తన చేతిసంచి కథ చెప్పింది, పైల బల్ల, సంచి లాగిన పసివాడు, అన్నీ. పశువుల డాక్టరు వైపు తిరిగి క్షమించమంది. హాలంతా ఘొల్లుమంది.

“నవ్వండి, నేను కూడా వేరేవాళ్లయితే నవ్వేదాన్నే,” అందామె. “ముప్పై తొమ్మిదేళ్లు ఈ బోర్డు కింద కూర్చున్నదాన్ని, నాకే గుర్తు లేదు. మెర్ల్ చెడ్డోళ్ల గురించి చెప్పాడు. అతను చెప్పింది అబద్ధం కాదు. నేను చెప్పేది మంచోళ్ల గురించి. మనం మర్చిపోతాం. మనకి కోపాలొస్తాయి. ఆ కోపానికీ ఆ ఇనుముకీ మధ్య గేటు దాకా నడిచేంత దూరం ఉండాలని నా ఆశ. అంతకన్నా నాకు తెలీదు.”

వెనక వరసలోంచి ఒకాయన, నీ సంచిలో ఉన్నా కొంపలేం మునగలేదుగా ఆర్డిత్ అన్నాడు. మునగలేదు కాబట్టే ఇక్కడ నిలబడి చెప్పుకోగలుగుతున్నానంది ఆమె. ఈసారి ఎవరూ నవ్వలేదు.

హోమర్ విట్సెల్ గొంతు సవరించుకున్నాడు. అతని మనసు ఊగుతోందని అందరికీ కనబడుతూనే ఉంది.

“ఆర్డిత్, ఒకటే అడుగుతా. ఇన్నేళ్లలో నీ అరల వల్ల ఫలానాది ఆగింది అని చెప్పడానికి ఒక్కటైనా ఉందా? ఒక్కటుంటే చెప్పు, నా ఓటు నీదే.”

పెయిజ్ కలం మూత తీసి కాగితం మీద పెట్టింది. ఆర్డిత్ హాలంతా కలయజూసింది. మూడో వరసలో మెర్ల్ టోపీని ఒళ్లో పెట్టుకుని దాని అంచు చుట్టూ తిప్పుతున్నాడు. అతని పక్కన గ్లెన్ మనవరాలు, ఆమె ఒళ్లో పాప. ఆర్డిత్‌కు ఎడమ మడమలో పాత మచ్చ సలిపింది.

“నాకేం గుర్తు లేదు హోమర్,” అంది.

పెయిజ్ కలం మూత పెట్టేసింది. బోర్డు తీసేయాలని నలుగురు, ఉంచాలని ముగ్గురు. అరలను మాత్రం ఇష్టమున్నవాళ్ల కోసం ఉంచుతామన్నారు. ఇష్టమున్నవాళ్లట. ఊరంతా ఒకందుకు గేటు దగ్గర ఆగుతుందంటే అందులో ఎవరికీ చిన్నతనం లేదు. తనొక్కడే ఆగాలంటే ఎవడాగుతాడు? ఆర్డిత్‌కు ఏడుపొచ్చింది. అందరూ వెళ్లేదాకా కుర్చీలు సర్దుతూ ఉండిపోయింది. మెర్ల్ పలకరించకుండానే వెళ్లిపోయాడు. ప్రతి శుక్రవారం గుడ్లకు వచ్చేవాడు, ఆ తర్వాత నాలుగు శుక్రవారాలు రాలేదు. అటు బోర్డూ పోయింది, ఇటు స్నేహితుడూ పోయాడనుకుంది. నోరు విప్పి ఉంటే కనీసం ఒకటి దక్కేది కదా అని కూడా, దాచడమెందుకు, ఒకటి రెండుసార్లు అనుకుంది.

ఆగస్టు వచ్చింది. గేటు మీద నాలుగు మేకు కంతలూ, ఎండ తగలని లేత చెక్కా మిగిలాయి. లైల్ చేతిరాత కోసం ఆ బోర్డును హోమర్‌నడిగి తెచ్చుకుని ఆమె కోళ్ల దొడ్డి తలుపుకు కొట్టుకుంది. సంత మొదటి రోజు పొద్దున ఏడింటికే వచ్చి అరల ఇత్తడి తుడిచి కూర్చుంది.

జనం వచ్చారు. వానల సంగతి చెప్పారు, ఆరోగ్యం అడిగారు, నడుము మీద చెయ్యి పెట్టి కాసేపు తటపటాయించి, ఈసారికి ఉండనీలే ఆర్డిత్ అని లోపలికెళ్లారు. కొందరు ఆ మాట కూడా అనకుండా అటువైపు చూస్తూ వెళ్లారు. పశువుల డాక్టరు ఆగి తనది ఇచ్చాడు. ముసలివాళ్లు నలుగురు అలవాటు కొద్దీ ఇచ్చారు. పదింటికి మేకుల మీద తొంభై ఆరుకు ఐదు తాళంచెవులున్నాయి.

అప్పుడు మెర్ల్ వచ్చాడు. ఎవరి ఉత్తరంతో గేటు తెరుచుకుందో ఆ మనిషి వస్తుంటే వెనకున్నవాళ్లు దారిచ్చి మరీ చూశారు. అతను సరాసరి చెక్కగది కిటికీ దగ్గరకొచ్చి ఆగాడు.

“నలభై ఒకటి.”

ఆర్డిత్ అర తెరిచింది. అతను బెల్టు నుంచి తీసి లోపల పెట్టాడు. ఆమె తాళం వేసి, తాళంచెవి మేకుకు తగిలించబోయింది.

“మేకుకొద్దు,” అన్నాడు మెర్ల్. గొంతు తగ్గించి, కిటికీ మీదికి వంగాడు. “చెడ్డోడు వస్తే ఏంటన్నది నాకింకా తేలలేదు ఆర్డిత్. నా సంగతి మాత్రం తేలింది. ఆ రోజు హోమరడిగితే గుర్తు లేదన్నావు. నాకు గుర్తుంది.”

ఆమె మేకు దాకా చాచిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

“నేను మళ్లీ ఎప్పుడైనా ఆ మొహంతో వచ్చి అడిగితే, మళ్లీ పారేసుకో,” అన్నాడు. “కాకపోతే ఈసారి కుడి బూటులో వేసుకో. ఎడమకాలు అప్పుడే పాడుచేసుకున్నావు.”

టోపీ సర్దుకుని, గ్లెన్ మునిమనవలు దూడలు కడుగుతున్న షెడ్డు వైపు వెళ్లిపోయాడు. వరసలో తర్వాతి మనిషి ఏదో నంబరు చెప్తున్నాడు. ఒక్క నిమిషం ఆగయ్యా అని, ఆర్డిత్ కుర్చీలో కూర్చుని, కుడి బూటు లేసు విప్పింది.